ఐదున్నర శ్రుతి

మోపర్రు భ్రమరాంబ మీకు తెలియదు.
ఫరవాలేదు, ఈ హార్మోనియానికి తెలుసు.
కుడి చివర్న ఆ మెట్టు చూడండి, తెలుపు పోయి పసుపు తిరిగింది.
అంత పైకి
ఆమె తప్ప ఎవరూ వెళ్లేవారు కాదు.

పదమూడేళ్లప్పుడు తెనాలి పాసింజరులో గుంటూరు దిగింది,
నెత్తిన ట్రంకుపెట్టె, వెనకాల వాళ్లమ్మ.
కాంట్రాక్టరు పున్నయ్య పాడమన్నాడు.
"ముందు అన్నం పెట్టించండి" అంది.
పట్నంబజారు పూటకూళ్లింట్లో మారు వడ్డించుకుని తిని
చెయ్యి కడిగి, ఆ తూము పక్కనే నిలబడి
ఎత్తుకుంది.
వడ్డించే అబ్బాయి చేతిలో మజ్జిగ
ఎవరి విస్తట్లోనో పొంగి పారుతూనే ఉంది.

మిరపకోతలయ్యాక మా సీజను.
యార్డులో బస్తాలు దింపి ఖాళీగా వెళ్లే లారీల్లో
అడుగున తెరలు, తెరల మీద మేము,
మా అందరి మీదా ఘాటు.
రాజు తుమ్మేవాడు, మంత్రి తుమ్మేవాడు,
నేను తిత్తి పగిలేలా తుమ్మేవాణ్ణి.
భ్రమరాంబ తుమ్మేది కాదు.
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని
బుగ్గన పటికబెల్లం, కళ్లనిండా నీళ్లు.
"తుమ్మితే గొంతు జారిపోతుంది మాస్టారూ."

రాగం తీస్తే నా తిత్తిలో గాలి అయిపోయేది.
జనం వన్స్ మోర్ అంటే
నా వైపు కనుబొమ్మ ఎగరేసేది, ఉందా ఓపిక అన్నట్టు.
ఫిరంగిపురంలో ఒకాయన నోట్ల దండతో వేదికెక్కాడు,
మెడలో తనే వేస్తానని.
"హార్మోనియం మీద పెట్టి దిగండి" అంది,
వేషంలోంచి బయటికి రాకుండానే.
ఆ యేడు మా పెద్దమ్మాయి బడి ఫీజు
ఆ దండే కట్టింది.

తర్వాత మద్రాసు వాళ్లొచ్చారు.
మొహం బాగుందన్నారు.
పేరు బాలేదని శశిప్రభని చేశారు.
పక్క పన్ను అడ్డంగా ఉందని పీకించారు.
గొంతు?
మైకుకి ఎక్కువైందమ్మా, అన్నారు.

బెజవాడ గవర్నరుపేటలో మొదటాట.
నేల టిక్కెట్టు కొనుక్కుని, ముసుగు కళ్లదాకా లాక్కుని
నా పక్కన కూర్చుంది.
తెరమీద పెదవులు కదిలాయి.
లోపల్నించి ఎవరో, సన్నగా, తేనెలాగా.
ముందు వరసలో రిక్షా తొక్కే మనిషి లేచాడు.
"మా భ్రమరాంబ కాదెహె ఇది! గొంతేదిరా?"
హాలంతా ఈలలు, చెప్పుల చప్పుడు.
ఏడుస్తుందేమోనని చూశాను.
నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంటోంది.
ఇంటర్వెల్లో గోళీసోడా సగం తాగి మాత్రం అంది,
"ఆ పిల్ల బానే పాడింది.
పాడేటప్పుడు దానికి నా మొహం చూపించారో లేదో, పాపం."

పదకొండు సినిమాలు.
చివరి నాలుగిట్లో తల్లి.
ఆఖరిదాంట్లో మంచాన పడి దగ్గే తల్లి.
ఆ దగ్గు మాత్రం ఆమెదే.
దానికి మనిషిని పెట్టలేదు.

లాలాపేటలో మేడమీద గది తీసుకున్నాక
ఒక మధ్యాహ్నం మెట్లు దిగి నా కొట్టుకొచ్చింది.
రీడ్లు విప్పి ఉన్నాయి, కూర్చోమన్నాను.
"నాలుగుకి దించి పట్టు, చూద్దాం" అంది.
సరేనని ఐదున్నరలోనే పట్టాను.
ఎందుకు పట్టానో ఈరోజుకీ తెలీదు.
ఎత్తుకుంది. సగం దాకా ఎక్కింది.
పైమెట్టు మీద నా వేలు ఎదురుచూస్తూ ఉండిపోయింది.
రోడ్డు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టారు.
"మోసం చేశావు" అని
నా వేలు మీద ఒక్కటి కొట్టి, టీ తెప్పించమంది.

ఆ మెట్టు మార్పించెయ్యమంటాడు మనవడు,
బేరానికొచ్చినవాళ్లు దాన్నే వంక పెడుతున్నారని.
మార్పించను.
తిత్తి నొక్కితే ముందు కాసేపు పలకదు.
లోపల గురగురమంటుంది,
ఎవరో
తుమ్ము ఆపుకుంటున్నట్టు.